జింకవేట తూటాలు: కొంత లెక్క, కొంత ఇష్టం

ఇంటర్మీడియట్ సైన్సు చదివిన ప్రతివాడికీ ఒక లెక్క గుర్తుండే ఉంటుంది. ఇన్ని కిలోల తుపాకి నుండి ఇన్ని గ్రాముల గుండు ఇంత వేగంతో వెలువడితే, తుపాకి వెనుకకు తన్ను వేగమెంత? ద్రవ్యవేగ నిత్యత్వ నియమం రాసి, రెండు అంకెలు గుణించి మూడోదానితో భాగిస్తే మార్కులు వచ్చేసేవి. ఆ తుపాకి ఎవరిది, గుండు దేనికి తగిలింది, తగిలాక ఏమయింది అని మనమూ అడగలేదు, మాస్టారూ చెప్పలేదు. సంచిక సంపాదకవర్గం మిత్రులు "భౌతికశాస్త్రం మీదే రాయండి, కాని సమీకరణాలు మాత్రం వద్దు" అన్నారు గనుక, ఆ పాత లెక్కను మిగతా సగం కూడా చేసి చూపిద్దామని ఈ వ్యాసం తలపెట్టాను.

ముందుగా ఒక మనవి. మనదేశంలో ఇది పుస్తకజ్ఞానం మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి సరదా వేటకు పూర్తిగా తెర దించాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. కాబట్టి ఇది చదివి ఎవరూ నల్లమల దారి పట్టరాదు. నేను చెప్పబోయేది అమెరికా సంగతి. అక్కడి తెల్లతోక జింక మన దుప్పికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఉత్తరాది చలిలో పెరిగిన మగవి బాగా బరువు తూగుతాయి. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో దాదాపు అంతరించే స్థితికి వచ్చిన ఆ జాతి నేడు కోట్లలో ఉన్నది. వాటిని తినే తోడేళ్ళు చాలా రాష్ట్రాల్లో లేవు. పొలాలు మేస్తాయి, కార్లకు అడ్డం పడతాయి. అందువల్ల అక్కడ వేట ప్రభుత్వం అనుమతించినదే కాదు, కోరుకునేది కూడా. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చు పెడతారు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో మూడేళ్ళు పరిశోధన చేశాను. అక్కడ దశాబ్దాల పాటు థాంక్స్‌గివింగ్ పండుగ మరుసటి సోమవారం చాలా బళ్ళకు సెలవు ఉండేది. ఆ రోజు జింకవేట మొదలవుతుంది గనుక! 2019 నుండి వేట శనివారమే మొదలవుతున్నది. మా ప్రయోగశాల వర్క్‌షాపులో లేతు మీద పనిచేసే పెద్దాయన ఒకాయన తన తూటాలు తానే నింపుకునేవాడు. గుండ్ల వేగం కొలిచే పరికరంతో వచ్చిన అంకెలు నా చేత సరిచూపించుకునేవాడు. అక్టోబరు నెల వచ్చిందంటే చాలు, క్యాంటీనులో ఏ తూటా గొప్పది అనే వాదన మొదలయ్యేది. మనవాళ్ళు ఎన్టీఆరా, ఏఎన్నారా అని కొట్టుకున్నట్టే ఉండేది. తేలేదీ లేదు, ఆగేదీ లేదు. నాకు తుపాకుల మీద పెద్ద మోజు లేదు గాని, ఆ వాదనలో వాళ్ళు వాడే అంకెలు నన్ను పట్టుకున్నాయి. ఎందుకంటే ఆ అంకెల్లో సగం సరైనవే అయినా, వాటి నుండి తీసే నిర్ణయాలు మాత్రం తరచు తప్పు.

తూటాకు నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ, గొట్టం లోపల పొగరాని మందు, మూతిలో బిగించిన గుండు. పిన్ను వెళ్ళి ప్రైమర్‌ను పొడిస్తే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది, ఆ వాయువుల ఒత్తిడి గుండును తోస్తుంది. రైఫిల్ గొట్టం లోపల మరచుట్టు గాడులుంటాయి. వాటిని కరచుకొని గుండు బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది, అందువల్లే తిన్నగా పోతుంది. మనం మాటల్లో "తూటా తగిలింది" అంటాం గాని, తగిలేది గుండు ఒక్కటే. ఇత్తడి గొట్టం తుపాకిలోనే మిగిలిపోతుంది.

గుండు బరువును వాళ్ళు గ్రెయిన్లలో చెబుతారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము. ఇది మనకు పరాయి కొలతేమీ కాదు. 1833లో ఈస్టిండియా కంపెనీ వారు తులాన్ని స్థిరపరచింది సరిగ్గా 180 గ్రెయిన్లకే. అక్కడి దుకాణాల్లో అమ్మే 180 గ్రెయిన్ల గుండు మన కంసాలి త్రాసులో వేస్తే నిఖార్సయిన తులం తూగుతుందన్న మాట. జింకకు వాడే గుండ్లలో ఇదే బరువైన కోవ. మామూలుగా వాడేవి 100 నుంచి 150 గ్రెయిన్లు, అనగా 6.5 నుంచి 9.7 గ్రాములు. ఇంత పెద్ద చర్చ తులానికి లోపు బరువు మీద!

పేర్ల గందరగోళం కూడా కొంచెం విప్పుకోవాలి. వీటికి ఒక పద్ధతి అంటూ లేదు. .30-30 అంటే అంగుళంలో నూటికి 30 వంతుల వ్యాసం, 30 గ్రెయిన్ల మందు. 1895లో వచ్చింది. .30-06 లో 06 మందు కాదు, 1906వ సంవత్సరం. అమెరికా సైన్యం రెండు ప్రపంచయుద్ధాల్లో వాడినది ఇదే. దాని మూతి కొంచెం సన్నం చేసి 1925లో వించెస్టర్ కంపెనీ .270 తెచ్చింది. నిజానికి దాని గుండు వ్యాసం .277 అంగుళం, పేరుకే .270. 1952లో వచ్చిన .308 కాస్త పొట్టి గొట్టం, .30-06 చేసే పని దాదాపు చేస్తుంది. దాని మూతి నొక్కితే 1955లో .243 పుట్టింది, మరో మాదిరిగా నొక్కితే 1980లో 7 ఎం.ఎం.-08 పుట్టింది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్‌కు ఆ పేరు న్యూయార్కు దగ్గరి ఒక పాత గురి మైదానం వల్ల వచ్చింది. అన్నీ రెండు మూడు ఇళ్ళ పిల్లలే. ముక్కులు వేరు, మేనత్త పోలికలు ఒకటే.

వాదనకు ఆద్యులు ఇద్దరు పత్రికారచయితలు. .270 ని ఊరూరా ప్రచారం చేసినవాడు జాక్ ఓకానర్. ఆయన అరిజోనా విశ్వవిద్యాలయంలో జర్నలిజం ప్రొఫెసరు. మన అధ్యాపక సోదరులు గమనించగలరు. తేలికైన గుండు, ఎక్కువ వేగం, సరైన చోట తగలడం ఆయన సిద్ధాంతం. ఆయనకు పోటీ ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్. పెద్ద గుండు, బరువైన గుండు తప్ప మిగతావి ఆయనకు ఆనవు. దశాబ్దాల పాటు సాగిన వీరి కలహం మీద రెండు తరాల పాఠకులు బతికారు.

మన వైపు చరిత్రలోనూ ఈ కథకు కొమ్మలున్నాయి. కుమావూఁ కొండల్లో నరభక్షక పులులను చంపిన జిమ్ కార్బెట్ చేతిలో తరచు ఉండినది .275 రిగ్బీ. అది 1890ల నాటి 7 × 57 మౌజర్ తూటాకు ఇంగ్లీషువారు పెట్టుకున్న ముద్దుపేరే. 140 గ్రెయిన్ల గుండు, నేటి 7 ఎం.ఎం.-08 కు సరిసాటి. సైన్యం వాడే .303 తూటాను మామూలు జనానికి దక్కనీయకపోవడం వల్ల ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 అనే వేట రైఫిలును తయారు చేసింది. మన పాత షికారీ కుటుంబాల గోడల మీద, నేటి బ్యాంకు కాపలాదారుల భుజాల మీద కనిపించేది చాలావరకు ఆ జాతే. అక్కడ ఎంపిక చేసింది వేటగాడు కాదు, సర్కారువారి భయం!

శక్తి లెక్క

క్యాంటీను వాదనల్లో ముందుగా బయటికి తీసే అంకె గతిజశక్తి. ద్రవ్యరాశిలో సగం, దాన్ని వేగం వర్గంతో గుణించాలి. కర్మాగారాల పట్టికల్లో కనిపించే మామూలు వేగాలు తీసుకుందాం. .30-30 లో 150 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 728 మీటర్ల వేగంతో వెలువడుతుంది, శక్తి 2,580 జౌళ్ళు. .243 లో 100 గ్రెయిన్ల గుండు 902 మీటర్లు, 2,640 జౌళ్ళు. చూశారా! మూడింట రెండు వంతుల బరువే ఉన్నా, వేగం వర్గమవుతుంది గనుక తేలిక గుండు పెద్దన్నను దాటిపోయింది. అదే 150 గ్రెయిన్లను .30-06 సెకనుకు 887 మీటర్లతో పంపుతుంది, 3,820 జౌళ్ళు. .270 లో 130 గ్రెయిన్లు 933 మీటర్లు, 3,670 జౌళ్ళు. 6.5 క్రీడ్‌మోర్ లో 140 గ్రెయిన్లు 823 మీటర్లు, 3,070 జౌళ్ళు.

ఇక్కడి నుండి "ఎక్కువ జౌళ్ళు ఉన్నది ఎక్కువ చంపుతుంది" అనే మాట వస్తుంది. దాని వెనుకే "జింకను ఎత్తి పడేస్తుంది" అనే మాట. ఈ రెండోదాన్ని మన ఇంటర్మీడియట్ విద్యార్థి ఒక్క నిమిషంలో తేల్చగలడు. .30-06 గుండు ద్రవ్యవేగం 9.72 గ్రాములు ఇంటూ 887, అంటే 8.6 కిలోగ్రాం మీటర్లు. అరవై కిలోల జింకలో ఆ గుండు పూర్తిగా ఇరుక్కుపోయిందనుకున్నా, జింకకు వచ్చే వేగం సెకనుకు 14 సెంటీమీటర్లు. మన లైబ్రరీలో బీరువాల మధ్య కునికిపాట్లు పడుతూ నడిచేవాడి వేగం అంతకంటే నయం. సినిమాల్లో గుండు తగిలినవాడు గాలిలోకి ఎగిరి అద్దాలు పగలగొట్టుకుంటూ పడతాడే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం కాల్చినవాడు కూడా అంత దూరం ఎగరాలి!

మరి జింక ఎందుకు చస్తుంది? ఊపిరితిత్తులు, గుండె, పెద్ద రక్తనాళాలు తెగి, మెదడుకు రక్తం అందకపోవడం వల్ల. రెండు ఊపిరితిత్తులూ ఛేదించిన గుండుతో కూడా జింక యాభై, వంద గజాలు పరుగెత్తి పడటం మామూలే. వెన్నుపూస గాని మెదడు గాని తెగితే తప్ప ఉన్నచోట కూలదు. ముందుకాలి వెనకగా ఛాతీలో ఉన్న ఆ ప్రాణస్థానం సుమారు 20 సెంటీమీటర్ల వృత్తం, అనగా అన్నం తినే చిన్న పళ్ళెమంత. ఆ పళ్ళెంలో పడిన 2,600 జౌళ్ళు కొన్ని సెకన్లలో పని ముగిస్తాయి. దానికి అడుగు వెనక్కు, పొట్టలో పడిన 4,700 జౌళ్ళు ముగించవు. జింక అడవిలోకి పోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. తూటా ఎంపికలో నిజంగా పణంగా ఉన్నది ఇదే. మిగతాదంతా మన మగతనపు ముచ్చట్లు.

గుండు స్వభావం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొత్తం రాగితొడుగు ఉన్న సైనికపు గుండు జింకలో సూదిలా దూరి పోతుంది. అందుకే వేటకు ముక్కు మెత్తగా ఉన్న గుండ్లు వాడతారు. సీసం బయటికి తేలి ఉంటుంది, తగిలాక పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఈ రకం గుండుకు ప్రపంచమంతా "డమ్ డమ్" అనే పేరు తెచ్చిపెట్టింది కలకత్తా పక్కనున్న డమ్ డమ్ ఆయుధాగారం. 1890లలో అక్కడ చేసిన గుండ్ల మీద గగ్గోలు పుట్టి, 1899లో హేగ్ నగరంలో జరిగిన సమావేశం యుద్ధంలో వాటిని నిషేధించింది. మనిషి మీద వాడటం అమానుషమని నిషేధించిన అదే గుండును, జింక మీద వాడకపోవడం అమానుషమని నేడు అనేక అమెరికా రాష్ట్రాల చట్టాలు శాసిస్తున్నాయి. ఆలోచిస్తే రెండూ సబబే. ఒకచోట గాయపరిస్తే చాలు, రెండోచోట గాయపరిచి వదలరాదు.

విచ్చుకోవడంలోనూ మితం ఉండాలి. మరీ త్వరగా విచ్చుకుంటే పైచర్మం దగ్గరే ముక్కలైపోతుంది. 1946లో కెనడాలో బురద పట్టిన దుక్కలాంటి మూస్ మీద తన గుండు పనిచేయక విసిగిపోయిన జాన్ నోస్లర్ అనే ఆయన, మధ్యలో రాగిగోడ కట్టిన గుండు కనిపెట్టి 1948లో అమ్మకానికి పెట్టాడు. ముందుసగం విచ్చుకుంటుంది, వెనుకసగం గట్టిగా ఉండి లోతుకు పోతుంది. కొన్నాళ్ళకు పూర్తి రాగి గుండ్లు వచ్చాయి. సీసం పొడి మాంసంలో కలుస్తున్నదన్న సందేహం ఇప్పుడు వీటికి మరింత గిరాకీ తెచ్చింది. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానమిచ్చిన జింకమాంసంలో సీసపు తునకలు బయటపడి గొడవైంది. కాలిఫోర్నియా 2019 జూలై నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. నా మట్టుకు నాకు, తూటా పేరు ఏది అనే ప్రశ్న కంటే దానిలో ఏ గుండు అనే ప్రశ్నే పెద్దదనిపిస్తుంది. కాని క్యాంటీనులో దాని గురించి ఎవరూ గొంతు చించుకోరు.

పాఠ్యపుస్తకం వదిలేసిన సంగతి

ఇక మన పాత లెక్కకు వద్దాం. రైఫిల్ 3.4 కిలోలు, గుండు ద్రవ్యవేగం 8.6. భాగిస్తే తుపాకి సెకనుకు 2.5 మీటర్ల వేగంతో వెనక్కి తన్నాలి, ఆ తన్ను శక్తి 11 జౌళ్ళు. పరీక్షలో ఇదే జవాబు. వాస్తవంలో తప్పు! పుస్తకం మందును మరచిపోయింది. .30-06 లో సుమారు 55 గ్రెయిన్ల మందు, అంటే 3.6 గ్రాములు ఉంటుంది. అది కాలి వాయువై, గుండు వెనుకే సెకనుకు 1,200 మీటర్ల ప్రాంతపు వేగంతో మూతిలోంచి దూసుకొస్తుంది. దాని ద్రవ్యవేగం మరో 4.3. మొత్తం 13 కు దగ్గర. తుపాకి వేగం 3.8 మీటర్లు, శక్తి 25 జౌళ్ళు. పుస్తకం చెప్పిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ. భుజం మాత్రం పుస్తకం చదవలేదు, దానికి 25 జౌళ్ళూ తెలుస్తాయి.

అదే బరువున్న రైఫిలుతో ఇదే లెక్క మిగతావాటికి చేస్తే .243 కు 12 జౌళ్ళు, 6.5 క్రీడ్‌మోర్‌కు 17, .308 కు 21 వస్తాయి. 1963లో వచ్చిన .300 వించెస్టర్ మ్యాగ్నం తులం ఎత్తు గుండును సెకనుకు 900 మీటర్లతో పంపుతుంది. దాని తన్ను 38. క్రికెట్ బంతి భాషలో చెప్పాలంటే, 12 జౌళ్ళు గంటకు 44 కిలోమీటర్లతో వచ్చే బంతి, 38 జౌళ్ళు 78 కిలోమీటర్లతో వచ్చే బంతి. మడమ వెడల్పుగా, దిండు కట్టి ఉంటుంది గనుక ఎముక విరగదు. కాని శరీరం గుర్తు పెట్టుకుంటుంది. మరోసారి మీట నొక్కబోయే ముందే కళ్ళు మూసుకుంటాయి, భుజం ముందుకు తోసుకుంటుంది. ఆ మనిషికి తెలియకుండానే గురి చెదురుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మా వర్క్‌షాపు పెద్దాయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. కాల్చేవాడికి కనబడకుండా, అసలు తూటాల మధ్య మందు లేని ఉత్త తూటా ఒకటి కలిపి పెట్టేవాడు. మీట నొక్కితే "టిక్" అంటుంది. పేలుడు లేదు, తన్ను లేదు. అదురు లేనివాడి తుపాకి మూతి చలించదు. అదురున్నవాడిది ఎవరో కిందికి గుంజినట్టు వంగుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నేను చూసిన ప్రయోగాల్లో ఇంత చవకగా, ఇంత స్పష్టంగా ఫలితమిచ్చినవి తక్కువ.

ఆయన అల్లుడు ఆ ఏడే .300 మ్యాగ్నం కొన్నాడు. "ఇంతకంటే చిన్నదాంతో కొట్టడం జింకను అవమానించడమే" అన్నట్టు మాట్లాడేవాడు. ఉత్త తూటా పరీక్షలో మూతి ఎంత వంగిందో నేనూ చూశాను. మామగారు "దీన్ని పక్కన పెట్టు, నా .30-30 తీసుకుపో" అన్నాడు. అతను వినలేదు. వేట రెండో రోజు సాయంకాలం ఎనభై గజాల దూరంలో నిలబడి ఉన్న మగజింక మీద కాల్చాడు. గుండు పొట్టలో తగిలింది. వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుందని కొన్ని గంటలు ఆగి, ముగ్గురం టార్చిలైట్లు పట్టుకుని వెళ్ళాం. ఎండుటాకుల మీద రక్తం నాణేలంత చుక్కలుగా కొంత దూరం కనిపించింది, తరువాత మంచు కురిసి అదీ పోయింది. మరునాడు పొద్దున వాగు పక్కన దొరికింది. నీళ్ళ కోసం వచ్చినట్టుంది. మాంసం పనికిరాలేదు. ఆ పొద్దు ఆ పెద్దాయన అల్లుడిని ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి ఏడు అతను మ్యాగ్నం అమ్మేసి .308 కొన్నాడు.

కొనేవాడు పట్టికలో చూసుకోవలసిన మొదటి అంకె గుండు మోసుకుపోయే జౌళ్ళు కాదు, తన భుజానికి వచ్చే జౌళ్ళు అని నేననేది ఇందుకే. తన భుజం అదురు లేకుండా భరించగల తూటాల్లోంచి, చట్టానికీ దూరానికీ సరిపోయేది ఏరుకోవాలి. ఈ వరుస తలకిందులైతే బాధపడేది జింక.

దూరం, చట్టం, దుకాణం

దూరం సంగతి తేలిక. గుండు గొట్టం దాటిన క్షణం నుంచే చేతిలోంచి జారిన సుద్దముక్కలా కిందికి పడుతూ ఉంటుంది. ఎంత త్వరగా చేరితే అంత తక్కువ పడుతుంది. 200 గజాలు చేరడానికి .270 కు సుమారు 0.22 సెకను పడుతుంది, ఆ లోపు 23 సెంటీమీటర్లు జారుతుంది. .30-30 గుండుకు ముక్కు మొద్దు, గాలి ఎక్కువ అడ్డుతుంది, 0.3 సెకను పడుతుంది, జారుడు సుమారు 46 సెంటీమీటర్లు. ముక్కు మొద్దుగా ఎందుకు పెట్టారంటే, ఆ రైఫిళ్ళలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. మొనతేలిన గుండైతే తన్నుకు కదిలి ముందున్న దాని ప్రైమర్‌ను పొడవవచ్చు. ఇప్పుడు మెత్తటి రబ్బరులాంటి మొనతో గుండ్లు వచ్చి ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

కాని పెన్సిల్వేనియా అడవుల్లో వంద గజాలు దాటి చూపే ఆనదు. అక్కడ ఆ 23 సెంటీమీటర్ల తేడాకు అర్థం లేదు. అందుకే 1895 నాటి ముసలి తూటా నేటికీ బతికి ఉంది. వ్యోమింగ్ మైదానాల్లో అయితే .270, 6.5 క్రీడ్‌మోర్ లాంటివి కావాలి. సన్నగా పొడవుగా ఉన్న గుండుకు గాలివాటు కూడా తక్కువ. బరువైన నెమ్మది గుండు పొదలను నరుక్కుంటూ పోతుందన్న నమ్మకం మాత్రం వట్టిది. రెమ్మ తగిలితే ఏ గుండైనా దారి తప్పుతుంది.

చట్టాలు రకరకాలు. కొలరాడో రాష్ట్రం జింకకు కనీసం 6 మి.మీ. వ్యాసం, 70 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, 100 గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌన్ల శక్తి, అంటే 1,356 జౌళ్ళు ఉండాలంటుంది. ఇంగ్లండులో 1991 చట్టం .240 అంగుళం, మూతి దగ్గర 1,700 అడుగు-పౌన్లు అడుగుతుంది. .243 అక్కడ అంత ప్రచారంలో ఉండటానికి ఆ అంకె ఒక కారణం కాబోలు. ఒహైయో నేల చదును, ఊళ్ళు దగ్గర. మూతి సన్నం కాని తిన్నని గొట్టం తూటాలకే 2014 నుండి అక్కడ జింకవేటలో అనుమతి. అవి అంత దూరం పోవు గనుక. 2019లో వచ్చిన .350 లెజెండ్ అలాంటి రాష్ట్రాల కోసమే పుట్టింది. చూశారుగా, కొన్ని తూటాలు అడవిలో కాక శాసనసభల్లో పుడతాయి. ఈ కనీసపు అంకెలన్నీ గుండు మీద ఆంక్షలే గాని గురి మీద కావు. ఫిన్లండు వారు మాత్రం పెద్దజంతువుల వేటకు వెళ్ళేవాడు ముందు గురి పరీక్ష పాసు కావాలంటారు. నాకు ఆ పద్ధతి ఎక్కువ నచ్చింది.

ఇక నా ఓటు అడిగితే 7 ఎం.ఎం.-08 కే. 140 గ్రెయిన్ల గుండు, .308 కంటే కొంచెం తక్కువ తన్ను. కార్బెట్ తూటా చేసే పనినే పొట్టి గొట్టంతో చేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు .243 మంచిదని అందరూ అంటారు. తన్ను విషయంలో నిజమే. కాని గుండు తేలిక గనుక గట్టి గుండు ఎంచాలి, దూరం తగ్గించుకోవాలి, ఏటవాలుగా నిలబడ్డ జింకను వదిలేయాలి. ఇంత నిగ్రహం నేర్చుకునేవాడి కంటే నేర్చినవాడికే ఎక్కువ సాధ్యం. అందువల్ల పిల్లలకైనా 6.5 క్రీడ్‌మోర్ గాని, మందు తగ్గించి నింపిన 7 ఎం.ఎం.-08 గాని మేలని నా అభిప్రాయం. .30-06 నిందించదగినదేమీ కాదు. ఇంట్లో తాత వదిలిన రైఫిల్ ఉంటే అమ్మి మరొకటి కొనవలసిన పని లేదు.

నా ఓటుకు ఒక చిక్కుంది. 2020, 2021 సంవత్సరాల్లో అమెరికాలో తూటాల కరువు వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్న అరుదైన రకాల వాళ్ళు అరలు ఖాళీగా చూసి తిరిగొచ్చారు. మామూలు రోజుల్లో కూడా మారుమూల ఊరి దుకాణంలో .30-06, .308, .30-30 దొరుకుతాయి, నా 7 ఎం.ఎం.-08 దొరకకపోవచ్చు. కనుక కొనేటప్పుడే ఒకే తయారీ సంఖ్య ఉన్న పెట్టెలు నాలుగైదు తీసుకోవడం మంచిది. తయారీ మారితే వేగం కొంచెం మారుతుంది, గురి మళ్ళీ సరిచూసుకోవాలి. వాటిలో ఒక పెట్టె వేటకు, మిగతావి సెప్టెంబరు నుంచి మైదానంలో కాగితం మీద కాల్చడానికి. మా పెద్దాయన అయితే ఆ పెట్టెల్లో రెండు ఉత్త తూటాలు కూడా వేసి ఉంచేవాడు.